మేజరు సాబు, బొచ్చోడు, నా దువ్వెన

పెనుకొండ పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేరిన రోజున నాకు అప్పజెప్పిన పనుల్లో కుక్క మాట లేదు. ఎద్దులు, ఎనుములు, గొర్రెలు, మేకలు ఉన్నాయి. మందు కలపాలి, వెదురు గొట్టంతో పట్టించాలి, సీసాలు కడగాలి, కొమ్ము విరిగిన ఎద్దుకు కట్టు కట్టాలి, తాడు వేసి పడగొట్టాలి. యాభైలలో మా సీమలో కుక్కను ఆసుపత్రికి తీసుకుపోయేవాడిని జనం ఆగి మరీ చూసేవాళ్ళు.

అయినా ఇప్పుడు ఆ ఉద్యోగం తలుచుకుంటే ముందుగా కళ్ళకు కట్టేవి ముసలి కుక్కలే. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు అప్పుడప్పుడూ నా దగ్గరికి వచ్చి, "ముసలి కుక్కకు ఒళ్ళు దువ్వేటప్పుడు, నీళ్ళు పోసేటప్పుడు ఏమేం చూసుకోవాలి తాతా?" అని అడుగుతుంటారు. చూసుకోవాల్సినవి చెప్పడానికి ఒక కాఫీ తాగేంతసేపు చాలు. అవి నాకు ఎట్లా తెలిసివచ్చాయో చెప్పాలంటే మాత్రం కూర్చోవాలి. జీతాలు, బదిలీలు, ఎవరికి ముందు ప్రమోషను వచ్చింది, ఎవరు ఎవరి మీద పిటిషను పెట్టారు అనే గొడవలు ఇక్కడ రాయడం లేదు. అవి ఏ ఉద్యోగంలోనైనా ఒకటే.

కిటికీలోంచి వైద్యం

మా డాక్టరుగారు కోస్తా నుంచి వచ్చారు. మద్రాసులో చదివారు. చాలా ధైర్యస్థుడు. రొద్దం నుంచి ఒకసారి తాళ్ళు తెంచుకునే కోడెను పట్టుకొస్తే, పట్టుకొచ్చిన నలుగురూ గోడ దూకారు. ఆయన మాత్రం చొక్కా చేతులు మడిచి, దాని దగ్గరికి పోయి, నోట్లో చెయ్యి పెట్టి, దవడలో ఇరుక్కున్న కట్టె ముక్క లాగి బయటపెట్టారు. ఆ సంగతి రొద్దంలో చాలా కాలం చెప్పుకున్నారు.

అట్లాంటి మనిషికి కుక్కంటే ప్రాణభయం.

నాకిది తెలిసింది ఒక రెవెన్యూ ఉద్యోగి తన ముసలి పొమరేనియన్‌ను చంకలో పెట్టుకొని వచ్చిన రోజున. పిల్లి కన్నా కొంచెం పెద్దది. కళ్ళలో పూత, నోట్లో ఒక్క పన్ను లేదు, ఒళ్ళంతా బొచ్చు ఉండలు కట్టింది. నేను దాన్ని బల్ల మీద పెట్టి వెనక్కి తిరిగి చూస్తే డాక్టరుగారు లేరు. మందుల బీరువా పక్కన స్టూలు మీద నిలబడి ఉన్నారు.

"పళ్ళు లేవు సార్," అన్నాను.

"పళ్ళు లేకపోతే మాత్రం? ఉద్దేశం ఉంటుంది కదయ్యా," అన్నారు.

స్టూలు మీద నుంచి అట్లాగే పక్కగదిలోకి దిగి, తలుపు వేసుకొని, కిటికీ ఊచల వెనక నిలబడ్డారు. "ఇప్పుడు నేను చెప్పినట్టు చెయ్యి," అన్నారు.

నేనేమో ఎద్దులు కడిగిన అలవాటుతో బొక్కెన ఎత్తి కుక్క మీద కుమ్మరించబోయాను. లోపలి నుంచి కేక. "ఆగు! చంపేస్తావా? ఆ నీళ్ళు నీ మోచేతి మీద పోసుకో. చల్లగానూ తెలియకూడదు, వేడిగానూ తెలియకూడదు. అసలు నీళ్ళు తర్వాత. ముందు నీ చెయ్యి వాసన చూడనియ్యి. అది చూపు పోయిన ప్రాణి. నువ్వు ఎటు నుంచి వస్తున్నావో దానికి తెలియాలి."

కుక్క నా వేళ్ళు వాసన చూసింది, తుమ్మింది.

"తుమ్మిందా? కరవబోతోందా?"

"లేదు సార్, తుమ్మిందంతే."

"సరే. ఉండలు లాగకు. ముసలిదాని చర్మం తడిసిన కాగితం లాంటిది, లాగితే బొచ్చుతో పాటు చర్మం వస్తుంది. ఉండ కింద, చర్మానికి ఆనించి దువ్వెన దూర్చు. దువ్వెన పైన ఉన్నది మాత్రమే కత్తిరించు. కత్తెర కొన ఎప్పుడూ చర్మం వైపు తిరక్కూడదు. కాలు ఎత్తాల్సి వస్తే అది ఎంత ఎత్తనిస్తే అంతే. నీకు కావలసినంత కాదు."

ఆయన ఆ రోజు కిటికీలోంచి చెప్పిన దాంట్లో ఒక్క ముక్క తప్పు లేదు. తర్వాత నేను చూసిన కుక్కలన్నిటికీ అదే చదువు. నాలుగు పళ్ళ దువ్వెన పోయి పది పళ్ళది వచ్చి ఉండొచ్చు, చదువు మారలేదు.

కొన్నాళ్ళకు చనువు పెరిగాక, కుక్కంటే ఎందుకంత భయమని అడిగాను. "ఎద్దుకు కోపం వస్తే నాకు తెలుస్తుంది. కుక్క ఏమనుకుంటోందో నాకు ఎన్నడూ తెలియదయ్యా," అన్నారు. తనకు చేతకానిది ఫలానా అని పైకి చెప్పిన అధికారిని నా ఉద్యోగంలో ఆయన ఒక్కరినే చూశాను. తర్వాత దేనికీ భయపడని డాక్టర్ల దగ్గర కూడా పనిచేశాను. వాళ్ళను చూస్తే పశువులు భయపడేవి.

అట్లా కుక్కలన్నీ నా పాలబడ్డాయి.

మేజరు సాబు నిలబడ్డాడు

హిందూపురం బెల్లం మండీ వెనక వీధిలో పటాలం నుంచి వచ్చేసిన సుబేదారు ఒకాయన ఉండేవాడు. భార్య, ఆయన, ఒక ముసలి అల్సేషియన్ కుక్క. పటాలంలో ఎవరో మేజరు దాన్ని పిల్లగా ఉన్నప్పుడు ఈయనకిచ్చాడట. ఆ గౌరవం కొద్దీ కుక్కకు మేజరు అనే పేరు పెట్టాడు. పిలవడం మాత్రం ఎన్నడూ మేజరు అని పిలవలేదు. మేజరు సాబు అనేవాడు.

కుక్క తుంటి మీద, మోచేతుల దగ్గర పుండ్లు పడ్డాయని, బొచ్చు అట్టకట్టిందని కబురొస్తే ప్యాసింజరు ఎక్కి పోయాను. ఎండాకాలం. ఈగలు ముసురుతున్నాయి. ఆ అట్టకట్టిన బొచ్చు తీసి పుండుకు గాలి తగలనివ్వకపోతే పురుగు పడుతుంది. పురుగు పడితే ఆ వయసు కుక్క బతకదు.

సంచీలోంచి దువ్వెన తీశానో లేదో, నీడన పడుకున్న కుక్క లేవడం మొదలుపెట్టింది. ముందుకాళ్ళు లేచాయి. వెనకకాళ్ళు రెండుసార్లు జారి మూడోసారి నిలిచాయి. తల ఎత్తి, తోక దించి, సుబేదారు పక్కన నిలబడింది. తొడలు వణుకుతున్నాయి.

"పండుకోబెట్టండి సార్, పండుకొన్నాకనే దువ్వాల," అన్నాను.

"పండుకోబెట్టేది జబ్బుగా ఉండే జంతువులకప్పా," అన్నాడు సుబేదారు. "మేజరు సాబు డ్యూటీలో ఉండాడు. బ్రష్షు కనపడితే అటెన్షన్‌లో నిలబడేది ఆయన పద్ధతి."

"పడిపోతాండాడు కదా సార్!"

"పడతాడు, లేస్తాడు. పటాలంలో మేమూ పడినాం, లేసినాం."

సరే, నిలబెట్టే చూద్దామని మెడ దగ్గర మొదలుపెట్టాను. నడుము దాకా కూడా రాలేదు. కుక్క నా మీదికి ఒరిగి, పుండు ఉన్న తుంటి మీదే పడింది. కీచుమని అరిచింది. మళ్ళీ లేవబోయింది. నేను దువ్వెన సంచీలో దాచేసి, రెండు చేతులూ దాని ఛాతీ కింద పెట్టి ఆపాను.

"సార్, ఈయప్పను రిటైరు చేసేయండి. రిటైరైతే పండుకోవచ్చు కదా!"

ఆ మాట నేను ఊరికే నోటికొచ్చి అన్నాను. సుబేదారు మాత్రం ఆలోచనలో పడ్డాడు. "ఎవురు చెయ్యాల?" అన్నాడు.

"మీరే."

"నేను చేస్తే యాడ చెల్లుతాది? నేను సుబేదారు. ఆయన మేజరు. కిందోడు పైనోడికి రిటైర్మెంటు ఇచ్చేది ఎప్పుడన్నా ఇన్నావా?"

"పేరు కదా సార్ అది..."

"పేరా? నీ పేరేంది?"

"ఓబులేసు."

"నువ్వు ఓబులేసువి కాదు, ఊరికే పేరు అంతే అంటే ఒప్పుకుంటావా?"

లోపలి నుంచి ఆయన భార్య గట్టిగా, "ఆయప్పతో వాదించొద్దు నాయనా, నేను పెండ్లయిన ఏడాదే మానుకొన్యా," అంది.

మేజరు కన్నా పై అధికారి ఎవరో తేలాలి. సుబేదారు లెక్కలో మునసబు చాలడు, పోస్టుమాస్టరు చాలడు. సర్కారు తరఫున జంతువుల మీద అధికారం ఉన్నవాడు ఒక్క డాక్టరుగారే.

పెనుకొండకు వచ్చి ఈ సంగతి చెప్తే డాక్టరుగారు నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. "నిలబెట్టి దువ్వితే ఆ తుంటి పోతుంది. దువ్వకపోతే పురుగు పడుతుంది," అన్నారు. తర్వాత చొక్కా బొత్తాం పట్టుకొని తిప్పుతూ, "ఎంత ఎత్తు ఉంటుందయ్యా?" అన్నారు.

నా మొలదాకా అని చూపించాను. ఆయన బొత్తాం ఊడి చేతిలోకి వచ్చింది.

రిటైర్మెంటు ఆర్డరు చదవడానికి వస్తున్నామని సుబేదారుకు కబురు పంపి, మర్నాడు ఇద్దరం హిందూపురం ప్యాసింజరు ఎక్కాం. దారి పొడుగునా ఆయన మిగతా బొత్తాలు తడుముకుంటూనే ఉన్నారు.

స్టేషను దగ్గర జట్కా కట్టించుకొని పోయేసరికి సుబేదారు ఇంటి గోడ మీద బెల్లం మండీ హమాలీలు వరసగా కూర్చొని ఉన్నారు. సుబేదారు పాత యూనిఫారం వేసుకున్నాడు. పొట్ట దగ్గర గుండీలు పట్టక భార్య లోపలి నుంచి దారంతో కుట్టింది. పక్కన మేజరు సాబు. మెడలో బంతిపూల మాల. నిలబడే ఉన్నాడు, తొడలు వణుకుతూనే ఉన్నాయి.

డాక్టరుగారు జట్కా దిగలేదు. కాళ్ళు రెండూ పైకి పెట్టుకొని, బండి లోపలి నుంచే, "ఇక్కడి నుంచి చదువుతాను," అన్నారు.

"అధికారి వాహనం మీదుండి చదివేది మంచి పద్ధతే," అన్నాడు సుబేదారు సంతోషంగా.

తీరా చూస్తే ఆర్డరు రాసుకున్న కాగితం లేదు. కంగారులో ఇంట్లోనే మరిచిపోయినట్టున్నారు. సంచీలో వెతికితే గొర్రెల జబ్బుల మీద డిపార్టుమెంటు పంచే ఇంగ్లీషు కరపత్రం ఒకటి దొరికింది. ఆయన దాన్నే విప్పి, గంభీరంగా, మొదటి నుంచి చదవడం మొదలుపెట్టారు. సుబేదారు సెల్యూట్ కొట్టి బిగుసుకుపోయాడు. గోడ మీది హమాలీలు తలగుడ్డలు తీసేశారు. జట్కా ఊగుతోంది.

"గుర్రాన్ని కదలకుండా పట్టుకోవయ్యా!" అన్నారు డాక్టరుగారు చదువు ఆపి.

"గుర్రం కుదురుగానే ఉండాది సామీ," అన్నాడు జట్కావాడు. "మీరే వణుకుతాండారు."

కరపత్రం అయిపోయింది. డాక్టరుగారు దాన్ని మడిచి, తెలుగులో, ముందే అనుకొని వచ్చినట్టు కాకుండా, అప్పుడే గుండెలోంచి వచ్చినట్టు అన్నారు: "మేజరు గారూ, మీరు చేయవలసిన పని చేశారు. ఇంక పడుకోండి."

సుబేదారు చెయ్యి దించాడు. "డిస్మిస్, సాబ్," అన్నాడు.

కుక్క ముందుకాళ్ళు మడిచింది. వెనక భాగం నెమ్మదిగా దించింది. గడ్డం నేలకు ఆనించి ఒక నిట్టూర్పు విడిచింది. గోడ మీద ఒకడు ముక్కు చీదుకోవడం వినబడింది.

సుబేదారు మాత్రం నిలబడే ఉన్నాడు.

"మీరు కూడా, సుబేదారు గారూ," అన్నారు డాక్టరుగారు జట్కాలోంచి.

ఆయన అటు చూశాడు, ఇటు చూశాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకొని, ఆ కుట్టిన గుండీలు పటపట తెగుతుండగా, కుక్క పక్కన నేల మీద కూర్చున్నాడు. గడపలో ఉన్న ఆయన భార్య నాతో, "పటాలం ఇడిసి వచ్చినాక పగటిపూట ఆయప్ప కూచుండేది ఇప్పుడే చూస్తాండా నాయనా. కుక్క నిలబడితే తానూ నిలబడేది," అంది.

తర్వాత పని సులువైంది. కంబళి నాలుగు మడతలు వేసి దాని మీదికి కుక్కను జరిపాం. సుబేదారు దాని తల తొడ మీద పెట్టుకున్నాడు. నేను ముందు ఒట్టి చేతులతో ఒళ్ళంతా తడిమి, ఎక్కడ ఎముక పైకి ఉంది, ఎక్కడ ముట్టుకుంటే చెవి వెనక్కి పోతోంది అని చూసుకొని, ఆ తర్వాతే దువ్వెన పెట్టాను. పుండు చుట్టూ బొచ్చు తీసి, తడిగుడ్డతో అద్దాను. రుద్దలేదు. ఒక పక్క కాస్త పని జరిగాక డాక్టరుగారు జట్కాలోంచి, "చాలు, ఈరోజుకు చాలు. మూతి ఎండుతోంది చూడు, అలిసింది. రెండో పక్క ఇంకోరోజు," అన్నారు. అంత దూరం నుంచి ఆయనకు ఎట్లా కనపడిందో! చూస్తే నిజమే.

వెళ్ళేటప్పుడు సుబేదారు జట్కా దగ్గరికి వచ్చి, "సార్, ఆర్డర్లో గొర్రె అనే మాట శానాసార్లు వచ్చినట్టుండాదే?" అన్నాడు.

"ప్రభుత్వ ఉత్తర్వులు అట్లాగే ఉంటాయండి," అన్నారు డాక్టరుగారు.

సుబేదారు పాతికేళ్ళ సర్వీసు ఉన్నవాడు. నిజమేనని ఒప్పుకున్నాడు.

పుండ్లు మానాయి. మేజరు సాబు ఆ పైన వానలు చూశాడు, చలికాలం చూశాడు. దువ్వెన తీస్తే లేవకుండా తోక మాత్రం నేలకేసి కొట్టేవాడు. ఒక పగటిపూట నీడలో పడుకునే పోయాడు. ఆ కుక్క నాకు నేర్పింది ఒకటే: ముసలి కుక్కను దువ్వనీయకుండా అడ్డుపడేది సాధారణంగా కుక్క కాదు.

బొచ్చోడు ఎక్కడ?

ఆ పెరేడు సంగతి బెల్లం మండీ నుంచి ఊళ్ళు తిరిగింది. ధర్మవరంలో పట్టుచీరలు నేయించే నాగప్ప చెవిన కూడా పడింది. రమ్మని కబురు పెట్టాడు.

నాగప్ప ఇంట్లో గుంటమగ్గం పక్కన చల్లగా ఉంటుందని వాళ్ళ ముసలి కుక్క అక్కడే పడుకునేది. బెంగుళూరు నుంచి ఎవరో వ్యాపారి తెచ్చిచ్చిన బొచ్చుకుక్క. పేరు బొచ్చోడు. ఏళ్ళ తరబడి తెగిన పట్టుపోగులు, జరీ ముక్కలు దాని బొచ్చులో చిక్కుకొని అల్లుకుపోయాయి. వాకిట్లో ఎండలోకి వస్తే కుక్క తళతళ మెరిసేది. దారిన పోయేవాళ్ళు దండం పెట్టుకున్నా ఆశ్చర్యం లేదు.

"దీని ఎంటికలు పోయి చీరలో పడతాండాయప్పా," అన్నాడు నాగప్ప. "పెండ్లిచీర మగ్గం మీదుండాది. మొత్తం గొరిగెయ్."

పెనుకొండలో బయలుదేరేటప్పుడే డాక్టరుగారు చెప్పారు: "ముసలిదానికి ఒక్కసారిగా గుండు చేయకు. కొంచెం కొంచెంగా తియ్యి." విన్నాను. కానీ నాగప్ప తొందర, నాకు సాయంత్రం రైలు. ఒక పూటలోనే మొత్తం తీసేశాను. కుక్కకు చిన్న గాటు కూడా పడలేదు. నేను చాలా గర్వపడ్డాను. బుట్టెడు బొచ్చు వచ్చింది. బొచ్చు పోగా మిగిలిన కుక్క మేకపిల్లంత ఉంది.

నాగప్ప తల్లి చౌడవ్వ అప్పుడు ఇంట్లో లేదు. ఆ కుక్క ఆమెది. కళ్ళలో పొర వచ్చి ఆమెకు మనుషులు మసకగా కనపడేవాళ్ళు. కుక్కను చేత్తో గుర్తుపట్టేది. నేను రైలెక్కాక ఆమె ఇంటికి వచ్చి, చాప మీద కూర్చొని, పక్కన చెయ్యి వేసి, "ఎవుర్దిరా ఈ మేకపిల్ల?" అందట.

రెండు రోజులకే నాగప్ప పెనుకొండకు పరుగెత్తుకొచ్చాడు.

"నువ్వే వచ్చి చెప్పాలప్పా. కుక్కను మార్చినామంటాండాది మాయమ్మ. జరీకి ఆశపడి బొచ్చోడిని నేనే అమ్ముకున్యానంట! బొచ్చోడు కనపడేదాకా ముద్ద ముట్టనంటాండాది. కట్టె తీసుకొని దాన్ని బయటికి తోలింది. అదేమో గడప అవతల పండుకొని అదీ తినల్యా."

పోయి చూస్తే వీధి వీధంతా అక్కడే ఉంది. మగ్గాలు ఆగిపోయాయి. లోపల చౌడవ్వ గోడకు ఆనుకొని, మొహం వాడిపోయి కూర్చుంది. బయట కుక్క, అదే మొహంతో. పెద్దమనుషులు తలా ఒక మాట అంటున్నారు. తోక చూసి చెప్పొచ్చని ఒకాయన, మొరిగిస్తే తెలుస్తుందని ఇంకొకాయన. దాన్ని మొరగమని ఇద్దరు ముగ్గురు మొరిగి చూపించారు. అది తల తిప్పుకుంది.

నేను అవ్వ ముందు కూర్చొని, "అవ్వా, నేనే గొరిగింది. ఇది బొచ్చోడే," అన్నాను.

"నువ్వెవురబ్బా?"

"పశువుల ఆసుపత్రి కాంపౌండరును."

"నా బొచ్చోడు పశువా?" అంది. అంతటితో నా సాక్ష్యం చెల్లకుండా పోయింది.

నాగప్పకు ఒక ఉపాయం తట్టింది. గొరిగిన బొచ్చు ఇంకా పారేయలేదు. ఆ బుట్ట తెచ్చి అవ్వ ఒళ్ళో పెట్టి, "చూడమ్మా, ఇది దాని మింద నుంచి తీసిందే," అన్నాడు. అవ్వ బుట్టలో చెయ్యి పెట్టింది. జరీ తగిలింది. మొహం విప్పారింది.

"ఇదో, బొచ్చోడు ఈడుండాడు! ఆడ పండుకొన్నది ఇంకేందో."

ఇంక నాగప్ప తల పట్టుకున్నాడు. ఆ పూట కూడా ఆమె తినకపోతే ఏమవుతుందోనని కోడలు సుబ్బమ్మ కంటనీరు పెట్టింది. అప్పుడు అవ్వే తీర్పు చెప్పింది.

"నేను పిలుస్తా. నా బొచ్చోడు నేను పిలిస్తే పుట్టినప్పటి నుంచి ఒక్కనాడూ రాలా. వచ్చిందంటే ఇది మాది కాదు."

నా ఉద్యోగంలో కుక్కలు దగ్గరికి రావాలని బతిమాలిన రోజులు చాలా ఉన్నాయి. రాకూడదని మొక్కుకున్నది ఆ ఒక్క రోజే.

"రారా బొచ్చోడా!" అని పిలిచింది అవ్వ.

కుక్క చెవి లేచింది. తల లేచింది. ఒళ్ళంతా కూడగట్టుకొని నిలబడింది. గడప దాటింది. నాగప్ప కళ్ళు మూసుకున్నాడు. తిన్నగా అవ్వ వైపు వచ్చింది. ఆమె మోకాలి దాకా వచ్చి ఆగి, వాసన చూసింది. వీధి ఊపిరి బిగబట్టింది.

కుక్క పక్కకు తిరిగి, అవ్వను రాసుకుంటూ వెనక్కి పోయి, మూలనున్న కుడితి తొట్టిలో మూతి పెట్టి, బుడబుడమని తాగడం మొదలుపెట్టింది. అవ్వ వీపు మీద కుడితి చిందింది.

"బొచ్చోడే!" అని అరిచింది చౌడవ్వ. "దొంగనాయాలు, బొచ్చోడే! సుబ్బీ, సంగటి పెట్టే, వానికీ పెట్టు!"

చెయ్యి

మళ్ళీ గొరగనని అవ్వ దగ్గర ఒట్టు వేశాను. బొచ్చు పెరిగే కొద్దీ ధర్మవరం పోయి దువ్వి వచ్చేవాడిని. అవ్వ చెయ్యి కుక్క వీపు మీద ఉండాల్సిందే. మొదట అది నాకు అడ్డమనిపించింది. తర్వాత చూస్తే, ఆ చెయ్యి ఉన్నంతసేపూ కుక్క ఒళ్ళు బిగదీయదు. అప్పటి నుంచి ఎవరి కుక్కను దువ్వినా ముందు వాళ్ళ చెయ్యి దాని మీద వేయించేవాడిని.

ఒకనాడు బొచ్చోడు దువ్వించుకుంటూ నిద్రపోయాడు. నేను దువ్వెన కడగబోతుంటే అవ్వ, "అబ్బోడా, నాకూ దువ్వు," అంది.

సుబ్బమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చింది. "అత్తా! సర్కారు మనిషి ఆయప్ప!"

"ఉండనీ. వాడు దువ్వితే కుక్క నిద్రపోయింది. మీరు దువ్వితే నాకు చుక్కలు కనపడతాయి."

సంగతేమంటే, చౌడవ్వ జుట్టు చిక్కుపడి జడలు కట్టింది. తల ముట్టుకోనిచ్చేది కాదు. సుబ్బమ్మ పట్టుపట్టి దువ్వబోతే మణికట్టు పట్టుకొని కొరికిందట. ఇంట్లో కొత్త దువ్వెన ఉందన్నా అవ్వ ఒప్పుకోలేదు. బొచ్చోడి దువ్వెనే కావాలంది. సుబ్బమ్మ దాన్ని సోడా వేసి, నీళ్ళలో తెర్లబెట్టి, తోమి, మళ్ళీ తెర్లబెట్టి తెచ్చిచ్చింది.

నాకు తెలిసిన విద్య ఒకటే. అదే చేశాను. వెనక నుంచి పోకుండా ముందుకు వచ్చి, నేనెక్కడున్నానో తెలిసేట్టు చెయ్యి ఆమె చేతిలో పెట్టాను. చిక్కులకు గోరువెచ్చటి ఆముదం అద్ది నానబెట్టాను. జుట్టును కుదురు దగ్గర గట్టిగా పట్టుకొని, లాగుడంతా నా వేళ్ళకే తగిలేట్టు, కింది కొసల నుంచి మొదలుపెట్టాను. ఆమె భుజం బిగిస్తే ఆగాను. వదిలితే మళ్ళీ దువ్వాను. వీధిలో పోయేవాళ్ళు కిటికీలోంచి తొంగిచూసి, పశువుల కాంపౌండరు చౌడవ్వకు వైద్యం చేస్తున్నాడని చెప్పుకుంటూ పోయారు.

సగం తల అయ్యేసరికి అవ్వ తల నా మోకాలికి ఆనింది. గురక మొదలైంది. ఆమె కాళ్ళ దగ్గర బొచ్చోడిది ఇంకో గురక. స్టేషను వైపు నుంచి నా రైలు కూత వినబడింది. కదిలితే ఇద్దరూ లేస్తారని అట్లాగే కూర్చున్నాను.

సుబ్బమ్మ చప్పుడు కాకుండా వచ్చి పక్కన కూర్చుంది. అత్తను చూసింది, నా చేతులు చూసింది.

"ఒక్కసారి గూడా కరవల్యా?" అంది గుసగుసగా.

"లేదమ్మా."

ఆమె గాజులు పైకి తోసుకొని, "ఎట్ల పట్టుకుంటాండావో చూపీ," అంది.

దువ్వెన ఆమె చేతికిచ్చాను. కుదురు దగ్గర వేళ్ళు ఎట్లా బిగించాలో, కొసల నుంచి ఎట్లా రావాలో చూపించి, నా వేళ్ళు తీసేశాను. ఆమె ఊపిరి బిగబట్టి ఒక పాయ దువ్వింది.

చౌడవ్వ గురక ఆగింది.

"ఎవురది? చెయ్యి మారింది."

"నేనే అత్తా."

అవ్వ కళ్ళు తెరవలేదు. తల సర్దుకుంది.

"ఊఁ," అంది. "కానియ్."